ఆది కోటు

పదిహేనో ఊపిరి దగ్గర టీకొట్టతను అడ్డం వచ్చాడు. దర్జీ తల కొంచెం పక్కకి వంచి, అతని భుజం మీదుగా ఆస్పత్రి నీళ్ళ ట్యాంకునే చూస్తూ పదహారు, పదిహేడు అని లోపల లెక్క సాగించాడు. ఇరవై అయ్యేదాకా చూపు తిప్పకూడదు. అరగంటకోసారి సూది మీంచి కళ్ళు తీసి, దూరంగా ఉన్నదేదైనా ఇరవై ఊపిర్ల సేపు చూడమని నర్సమ్మ చెప్పి పందొమ్మిదేళ్ళయింది. ఏదైనా పరవాలేదనే ఆమె అంది. ఇతను మాత్రం వెతికి వెతికి ఆమె పనిచేసే ఆస్పత్రి ట్యాంకునే పట్టుకున్నాడు. కళ్ళకి మంచిదన్న పేరుతో రోజుకి పదహారుసార్లు అటువైపు చూసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

"ట్యాంకు ఎక్కడికీ పోలేదులే మాస్టారూ, నిన్నటి చోటే ఉంది," అని టీకొట్టతను వేన్నీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టాడు. టీకొట్టు పెట్టుకుని పదకొండేళ్ళుగా ఒక మనిషికి ఒట్టి వేన్నీళ్ళు మోస్తున్నానని అతని భార్య నవ్వుతుందట. ఆ మాట రోజూ చెబుతాడు. దర్జీ రోజూ కొత్తగా విన్నట్టే తలాడించి, కూర్చుని, గుక్క గుక్కగా తాగుతాడు. నిలబడి గటగటా తాగకూడదన్నది కూడా నర్సమ్మ మాటే.

కొట్టు పెద్దదేమీ కాదు. ఇద్దరు మనుషులు చేతులు చాపి నిలబడితే గోడలు తగులుతాయి. వెలుతురు కోసం మిషను గుమ్మం పక్కన ఉంది. దాని వెనక కత్తిరింపు బల్ల, బల్ల కింద పీలికల బుట్ట, ఆ మూల ఇస్త్రీపెట్టె, ఈ మూల తెర వేసిన నిలువుటద్దం. బడిపిల్లల చొక్కాలు కొన్ని తీగ మీద వేలాడుతున్నాయి. మిషను ముందు ఉన్న స్టూలుకి మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. దాని కాళ్ళు రెండంగుళాలు పొడిగించి ఉంటాయి. అలా పొడిగిస్తే నడుం వంగదని చెప్పిందెవరో వేరే చెప్పక్కర్లేదు.

అతనికి యాభై తొమ్మిదేళ్ళు. ఈ వయసుకి దర్జీలంటే గూని, కళ్ళద్దాలు, మోకాళ్ళ నొప్పులు కలగలిపిన మనుషులు. ఇతను వెదురుబద్దలా నిటారుగా ఉంటాడు. పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరి నలభై నిమిషాలు నడుస్తాడు. గంటకోసారి మిషను మీంచి లేచి కొట్టు ముందు ఇరవై అడుగులు అటూ ఇటూ వేస్తాడు. ఉప్పు తగ్గించాడు, కాఫీ మానేశాడు, ముద్దని నలిగి నీరయ్యేదాకా నములుతాడు, చీకటి పడకముందే తినేసి తొమ్మిదిన్నరకల్లా పడుకుంటాడు. "నీ ఒంటిని ఎవరికి దాచిపెడుతున్నావురా?" అని అక్క వచ్చినప్పుడల్లా అడుగుతుంది. ఆవిడ తెచ్చిన సంబంధాలన్నీ అమ్మ ఉన్నంతకాలం అమ్మ పేరు చెప్పి, ఆ తర్వాత వయసు పేరు చెప్పి తిప్పి పంపాడు. అక్క ప్రశ్నకి జవాబు మాత్రం అతని దగ్గర ఉంది. పైకి చెప్పేది కాదు.

ఇరవై ఏడేళ్ళ క్రితం అమ్మని ఆస్పత్రిలో చేర్చి, వార్డు బయట నడవాలో కూర్చుని కాజాలు కుట్టుకుంటూ ఉండేవాడు. పని ఆపితే గడవని రోజులు. మూడో రోజు తెల్లకోటు వేసుకున్న ఒకావిడ అతని ముందు ఆగింది. "అలా ముడుచుకుని కూర్చుంటే మీ అమ్మకంటే ముందు మీ నడుం పోతుంది. నిటారుగా కూర్చోండి," అంది. అతను కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆనాటినుంచీ అలాగే కూర్చుని ఉన్నాడు.

అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది, మరో ఆరేళ్ళు బతికింది. అమ్మ ఇంటికొచ్చిన మర్నెల్లోనే నర్సమ్మ కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. కొలతలు ఇవ్వడానికి టైము లేదని, ఒంటికి సరిపోయే పాత కోటొకటి ఆదికి ఇచ్చి, ఇదే కొలతలో నాలుగు కుట్టమంది. ఆది బట్ట ఉంటే దర్జీ టేపు తీయక్కర్లేదు. దాన్నే బల్లమీద పరిచి, దాని మీద కత్తిరించుకుంటాడు. "ఇది మీ దగ్గరే ఉంచండి మాస్టారూ. నా కొలత మారదు," అంది వెళ్తూ. ఆ ఏడాదీ మారలేదు, పై ఏడాదీ మారలేదు. ఏడాదికి నాలుగు కోట్లు, నూరుకి పైగా కోట్లు అదే ఆదితో కుట్టాడు. ఆమె భుజం ఎంతో, చెయ్యి ఎంతో, నడుం ఎంతో కళ్ళు మూసుకుని సుద్దతో గీయగలడు. ఒక్కసారి కూడా ఆమె ఒంటిమీద టేపు పెట్టింది లేదు.

ఊరంతా ఆమెని సిస్టర్ అంటుంది. ఇతను మాత్రం ఆ పిలుపు నోటికి రాక, నర్సమ్మగారూ అని ఒక పిలుపు సొంతంగా చేసుకున్నాడు. ఆమెకి భర్త ఉండేవాడు. ఎక్కడో దూరాన పని. ఏడేళ్ళకి పక్షవాతంతో తిరిగొచ్చి పదకొండేళ్ళు మంచంలో ఉన్నాడు. డ్యూటీలో రోగుల్ని చూసి, ఇంటికెళ్ళి మళ్ళీ రోగినే చూసుకుంది. అతను పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పుడైనా దర్జీ నోరు విప్పి ఉండొచ్చు. కానీ పద్దెనిమిదేళ్ళు నోరు మూసుకున్నవాడికి అది కూడా పొద్దుటి నడకలాగే అలవాటైపోయింది, తప్పించడం చేతకాలేదు.

నెలకోసారి, మొదటి సోమవారం, డ్యూటీకి వెళ్తూ ఆమె ఇక్కడ ఆగుతుంది. కౌంటరు మీద చెయ్యి పెట్టమని, మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ నిమిషంపాటు నాడి లెక్కపెడుతుంది. వేళ్ళు చల్లగా ఉంటాయి. ఎప్పుడు చూసినా ఎనభై ఎనిమిది, తొంభై. ఆమెకి మనసొప్పదు. ఉప్పు తగ్గించండి అంది, తగ్గించాడు. కాఫీ మానండి అంది, మానేశాడు. నిద్ర చాలడం లేదేమో అంది, తొమ్మిదిన్నరకి పడుకోవడం మొదలుపెట్టాడు. కోపమేమైనా ఎక్కువా అని కూడా అడిగింది. ఆ నాడి అంగుళం కూడా దిగలేదు. ఆమె వీధి మలుపు తిరిగాక దర్జీ లోపలికెళ్ళి గోడగడియారం చూస్తూ తనే లెక్కపెట్టుకుంటే అరవై ఎనిమిది ఉండేది. ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది, పైగా మళ్ళీ నెల రాదు.

ఇంకో నాలుగు నెలల్లో ఆమె రిటైరవుతుంది. వేళాపాళా లేని డ్యూటీలు పోతాయి. పొద్దుటిపూట ఆమెకి ఖాళీ ఉంటుంది. అప్పుడు అడగాలని ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాడు: 'పొద్దున్నే నడవడానికి మీకెవరైనా తోడున్నారా?' అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆరోగ్యం మాటే కదా. రోజూ ఐదున్నరకి నడుస్తూ తన కుడిపక్క ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడవడం అతనికి తెలియకుండానే అలవాటైంది. ఆమె నడక చురుకు. వెనకబడకూడదని వేగం పెంచుకున్నాడు. అక్కకి చెప్పని జవాబు ఇదే. ఈ ఒళ్ళు ఆ నడక కోసం.

వేన్నీళ్ళు అయ్యాయి. గ్లాసు గుమ్మం పక్కన పెట్టి, కత్తిరింపు బల్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఆమె కోటు ఉంది.

నిన్న సాయంత్రం జేబు చిరిగిందని ఇచ్చి, పొద్దున్న పదిన్నరకి వచ్చి తీసుకుంటానంది. జేబు ఐదు నిమిషాల పని. దాన్ని రాత్రే ముగించి కూడా ఇంకా బల్లమీద పరిచే ఉంచాడు. కౌంటరు దగ్గర కోటు విప్పి ఇస్తున్నప్పుడు, అది ఆమె భుజం మీంచి జారిన తీరు అతను చూశాడు. కంటికి కనిపించిందాన్ని చూడనట్టు ఊరుకోవడం మామూలు మనుషులకి వీలవుతుందేమో గానీ, దర్జీకి కాదు. పక్కలు చెరో అంగుళం వదులు.

అది మొదటిసారైతే ఇంత కంగారు ఉండేది కాదు.

పద్నాలుగు నెలల క్రితం ఆమె రోడ్డు దాటుతుంటే కోటు వీపు మీద మడత పడటం గమనించాడు. అంతకుముందు ఎప్పుడూ పడలేదు. ఒళ్ళు దగ్గరపడే వయసు కదా అని సరిపెట్టుకున్నాడు. ఆ తర్వాతి నాలుగు కోట్లూ ఆది ప్రకారమే కుట్టి, పక్కలు ఒకటిన్నర అంగుళం లోపలికి పట్టాడు. కొత్త కోటు వేసుకుని అద్దం ముందు నిలబడి ఆమె మురిసిపోయింది. "చూశారా మాస్టారూ, ఇన్నేళ్ళూ అదే ఆది. మా వార్డులో ఆడపిల్లలు ఏడాదికో సైజు మారుతున్నారు," అంది. రోగులకి మంచి అలవాట్ల గురించి చెప్పినప్పుడల్లా ఆమె చూపించే సాక్ష్యం ఆ కోటే. ఇరవై ఏడేళ్ళలో ఆమె తన గురించి తను గొప్పగా చెప్పుకున్నది ఆ ఒక్క మాటే. ఆ మొహం చూశాక అతనికి నోరు రాలేదు.

ఎనిమిది నెలల క్రితం గుండీలు బిగించమని ఆ నాలుగు కోట్లూ ఇచ్చింది. మళ్ళీ వదులయ్యాయని అతని కంటికి తెలిసింది. గుండీలతోపాటు పక్కలు మరో అంగుళం లోపలికి పట్టాడు. కుట్టు కనపడకుండా ఎంత సన్నగా వేశాడంటే, తన పనితనానికి తనే సంతోషించాడు కూడా. ఆమె మళ్ళీ అదే ఆది అంది.

ఇప్పుడు మూడోసారి. ఒకటిన్నర, ఒకటి, రెండు. కలిపితే నాలుగున్నర. పొద్దున్నుంచీ ఈ లెక్క అతని బుర్రలో తిరుగుతోంది. పట్టేస్తే పది నిమిషాల పని. పదిన్నరకి ఆమె వస్తుంది, వేసుకుంటుంది, అదే ఆది అంటుంది. నాలుగు నెలల్లో రిటైరవుతుంది. తర్వాత నడక. సుద్దముక్క చేతిలోకి తీసుకుని పక్క కుట్టు మీద పెట్టాడు కూడా.

అప్పుడు జేబు సంగతి గుర్తొచ్చింది. రాత్రి జేబు కుట్టబోతూ, లోపలున్నవి తీసి పక్కన పెట్టాడు. ఒక పెన్ను, చేతిరుమాలు, మాత్రల పట్టీ. పట్టీ మీద అంత దృష్టి పెట్టలేదు. ఇప్పుడు తీసి వెలుతుర్లో చూశాడు. పదింటిలో ఎనిమిది ఖాళీ. ఆ మాత్ర అతనికి తెలుసు. ఎప్పుడో నడుం పట్టేసి తను రోజూ అదే మింగుతుంటే, ఆమె తన చేతిలోంచి లాక్కుని బుట్టలో పారేసింది. "నొప్పంటే ఒళ్ళు మనతో మాట్లాడటం. దాని నోరు నొక్కకండి," అని కోప్పడింది.

దర్జీ సుద్దముక్క కింద పెట్టేశాడు. కాళ్ళు పొడిగించిన ఆ స్టూలు మీద కూర్చున్నాడు. చెబితే ఆ మురిసిపోయే మొహాన్ని తన చేత్తో తుడిచేసినట్టు. తను ఇన్నాళ్ళూ చేసింది మోసమని కూడా తెలిసిపోతుంది. ఇక ఈ కొట్టు మెట్టు ఎక్కకపోవచ్చు. చెప్పకపోతే ఏమవుతుందో అనుకోవడానికే భయమేసింది.

పదిన్నరకి ఆమె వచ్చింది. ఈ రోజు మధ్యాహ్నం డ్యూటీ. మామూలు బట్టలమీద ఇంకో తెల్లకోటు, అది కూడా అతను కుట్టిందే. వీధి మలుపు నుంచి కొట్టు దాకా నడిచొచ్చి, కౌంటరు అంచు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఎప్పుడూ అలా ఆగని మనిషి.

"అయిందా మాస్టారూ?"

"అయిందండి. ఒక్కసారి లోపలికొచ్చి కూర్చుంటారా?"

ఆమె కౌంటరు దాటి లోపలికి ఎప్పుడొచ్చినా నేరుగా అద్దం దగ్గరికే. కూర్చున్నది లేదు. అతని మొహం పరీక్షగా చూసి, బీపీ ఏమైనా పెరిగిందా అని అడిగి, స్టూలు మీద కూర్చుంది. అతను ఆది కోటు బల్లమీద పరిచాడు. దాని మీద నిన్నటి కోటు పరిచాడు. పక్కన మాత్రల పట్టీ పెట్టాడు. ఎలా మొదలుపెట్టాలో పొద్దున్నుంచీ అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"మీ ఒళ్ళు ఇప్పుడు ఈ ఆది కాదండి," అన్నాడు. "పద్నాలుగు నెలలుగా కాదు. నేనే మీకు చెప్పకుండా రెండుసార్లు లోపలికి పట్టాను."

 ఆమె పైనున్న కోటు తిరగేసి, లోపలి కుట్ల వెంట వేలు పోనిచ్చింది. ముందు ఒక వరస తగిలింది, తర్వాత దాని లోపల ఇంకో వరస. రోగి మంచానికి వేలాడదీసిన చార్టు చదివినట్టు తాపీగా, పై నుంచి కింది దాకా చూసింది. ఎంతెంత అని అడిగింది. చెప్పాడు. ఇప్పుడు ఇంకా రెండంగుళాలు వదులుగా ఉందని కూడా చెప్పాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"అదే ఆది అన్నప్పుడు మీరు మురిసిపోయారు. అది పోగొట్టడం నావల్ల కాలేదు."

"రోగి చార్టు దిద్దితే మా దగ్గర ఉద్యోగంలోంచి తీసేస్తారు మాస్టారూ," అంది ఆమె. గొంతు పెద్దది చేయలేదు. అరిచి ఉంటే అతనికి కొంత నయంగా ఉండేది. తలొంచుకుని నిలబడ్డాడు. ఆమె కూడా తలొంచుకునే ఉంది. కాసేపటికి మాత్రల పట్టీ తీసి, వేళ్ళ మధ్య తిప్పుతూ, నాలుగు నెలలుగా వేసుకుంటున్నానని చెప్పింది. వీపులో నొప్పి, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం. ఇంకెవరైనా వచ్చి ఇవే చెబితే మెడపట్టి డాక్టరు దగ్గరికి తోసేదాన్నంది. తన విషయానికొచ్చేసరికి కోటు సరిపోతోంది కదా, ఇంకేముంటుందిలే అనుకుందట. ఆ మాట అతని గుండెల్లో దిగబడింది.

ఆమె లేచి, ఒంటిమీది కోటు విప్పి పక్కన పెట్టింది.

"టేపు తీయండి," అంది.

నలభై ఏళ్ళలో ఎన్ని వేలమందిని కొలిచాడో అతనికే తెలీదు. టేపు మెళ్ళోనే ఉంది. తీస్తుంటే జారి కింద పడింది. తీసుకుని, పక్కగా నిలబడి, ఎప్పుడూ నిలబడే దూరంలోనే నిలబడి, భుజం కొలిచాడు. ఆమె అద్దంలోకి చూస్తూ నిటారుగా నిలబడింది. ఛాతీ చుట్టూ టేపు తిప్పినప్పుడు బట్ట కింద పక్కటెముకలు ఒకటొకటిగా తెలిశాయి. ఇంత దగ్గరగా నిలబడాలని అతను ఎన్నేళ్ళు అనుకున్నాడో, ఇలా నిలబడాల్సి వస్తుందని ఒక్కరోజూ అనుకోలేదు. ఆమె జుట్టులోంచి ఆస్పత్రి సబ్బు వాసన వచ్చింది. ముప్పై ఆరు ఉండాల్సినచోట ముప్పై రెండు. నడుం దగ్గర ముప్పై రెండు ఉండాల్సినచోట ఇరవై ఏడున్నర. మెల్లగా చెప్పాడు.

"గట్టిగా చెప్పండి, రాసుకోవాలి," అని ఆమె బల్లమీది రసీదు పుస్తకం దగ్గరికి లాక్కుంది. ఆ పుస్తకంలో ప్రతి మనిషికీ ఒక కాగితం, కింద కార్బను. ఇరవై ఏడేళ్ళలో ఆమెకొక్కదానికే అందులో కాగితం లేదు. పైన తేదీ వేసింది. పక్కన టైము వేసింది, నిమిషాలతో సహా. అతను చెబుతుంటే ఒక్కో కొలతా ఒక్కో వరసలో, వార్డులో జ్వరం రాసినట్టు గుండ్రంగా రాసింది. చివర సంతకం చేసింది. ఇది నర్సు చేసే సంతకమో రోగి చేసే సంతకమో తెలీడంలేదని నవ్వబోయింది.

అప్పుడు అతని చేతులు చూసింది. టేపు చుట్టడానికి నానా తంటాలు పడుతున్నాడు. ఆమె ఆ మణికట్టు పట్టుకుంది. వాచీ చూస్తూ నిమిషం లెక్కపెట్టింది. 

"నూట పన్నెండు," అంది. చెయ్యి వదల్లేదు. "మామూలుగా ఎంతుంటుంది? నేను లేనప్పుడు?"

అబద్ధం చెప్పే ఓపిక అతనికి అయిపోయింది. "అరవై ఎనిమిది."

"ఎప్పట్నించీ?"

"మొదట్నించీ అంతేనండి."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఇరవై ఏడేళ్ళలో ఆమె అతని నాలుక చూసింది, కళ్ళ కింద రెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది. ఇలా చూడటం ఇదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఇన్నేళ్ళూ ఉప్పు మీదకి నెట్టేశానన్నమాట," అంది.

"ఉప్పు తగ్గించడం వల్ల చెడేమీ జరగలేదండి," అన్నాడు దర్జీ ఎంతో మర్యాదగా. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే నడుం పట్టుకుని కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ నర్సయింది. రెండు కోట్లలో ఒకదానికి అతను పట్టిన కుట్లన్నీ విప్పేయమంది. డాక్టరు తన ఒంటిని నిజం కొలతలో చూడాలంది. అతను బ్లేడు తీసుకుని కూర్చున్నాడు. ఎవరికీ కనపడకూడదని వేసిన సన్న కుట్లు అంత తేలిగ్గా ఊడలేదు. ఒక్కో పోగూ తెంపి, లాగి, ఊదాడు. ఆమె పక్కనే కూర్చుని ఊడిన దారాల్ని ఏరి బుట్టలో వేసింది. పావుగంట పట్టింది. వేసుకుంటే కోటు అంతా ఆమె చుట్టూ వేలాడింది. అది కుట్టినవాడికి చూడ్డం కష్టమైంది.

రసీదు పుస్తకంలోంచి పై కాగితం చింపి మడిచి జేబులో పెట్టుకుంది.

"పెద్ద డాక్టరు ఒంటిగంట దాకా ఉంటారు. నాకు తోడు వస్తారా?"

అతను కొట్టు తలుపు దించాడు. పని వేళలో తలుపు దించడం అమ్మ పోయిన రోజు తర్వాత ఇదే. టీకొట్టతను ఇద్దరి మొహాలూ చూసి, గుమ్మం పక్కనున్న ఖాళీ గ్లాసు తీసుకుని దారిచ్చాడు.

కొట్టు నుంచి ఆస్పత్రికి అతని నడకలో పన్నెండు నిమిషాలు. అతను అనుకున్న నడక ఇది కాదు. చల్లటి పొద్దు, మనుషుల్లేని రోడ్డు, తొందరేమీ లేని ఇద్దరు మనుషులు, అలా అనుకున్నాడు. ఇప్పుడు నడినెత్తిన ఎండ, బస్సుల పొగ, ఎదురొచ్చే జనం. పైగా ఆమె నెమ్మదిగా నడుస్తోంది. వెనకబడతానేమోనని ఇన్నేళ్ళూ వేగం పెంచుకున్నవాడు అడుగడుగునా తనని తను ఆపుకోవాల్సొచ్చింది. అయినా ఆమె కుడిపక్కనే ఉంది. అతను వదిలిపెట్టుకుంటూ వచ్చిన చోట్లోనే ఉంది. సిగ్గులేకుండా చెప్పాలంటే ఆ నడకలో కొంతసేపు అతను సంతోషంగా ఉన్నాడు.

"చేతులు ఊపుతూ నడవండి. జేబులో పెట్టుకోకూడదు," అంది ఆమె.

ఊపాడు. కొంచెం దూరం వెళ్ళాక, ఇంక దాచుకుని ఏం లాభమనిపించింది.

"పొద్దున్నే నడవడానికి మీకెవరైనా తోడున్నారా అని అడుగుదామనుకున్నానండి. మీ రిటైర్మెంటు అయ్యాక."

ఆమె పది పన్నెండు అడుగులు నడిచింది. "ఎన్నింటికి?" అని అడిగింది.

"ఐదున్నరకి."

"నేను ఐదింటికే లేస్తాను," అంది.

ఆస్పత్రికి రెండు గేట్లు. పనిచేసేవాళ్ళది ఎడమవైపు, రోగులది కుడివైపు. ఆమె అలవాటుగా ఎడమవైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి కుడివైపు గేటులోంచి లోపలికెళ్ళి, వరసలో చివర నిలబడింది. తెల్లకోటు చూసి వరసలోవాళ్ళు దారివ్వబోతే చెయ్యూపి వద్దంది. అక్కడినుంచే దర్జీని చూసి, ఇంక వెళ్ళండి, కొట్టు మూసేసి ఉందని సైగ చేసింది. అతను వరస కదిలి ఆమె లోపలికెళ్ళేదాకా గేటు దగ్గరే ఉన్నాడు.

ఆ రోజే చేర్చుకున్నారు. తను ముప్పై ఏళ్ళు చూసిన వార్డులోనే, కిటికీ పక్క మంచం. అతను రోజూ సాయంత్రం నాలుగింటికి వెళ్ళి ఆరింటిదాకా కూర్చునేవాడు. పొద్దున్న ఎంతసేపు నడిచారని ఆమె అడిగేది. నలభై నిమిషాలని చెప్పేవాడు. ఒకరోజు నడవాలో డాక్టరు ఇంకెవరితోనో జబ్బు ఏడాది ముందు దొరికి ఉంటే అంటుంటే విన్నాడు. ఆ మాట ఆమెకి కూడా చెప్పే ఉంటారు. ఆమె దాని ఊసెత్తలేదు, ఏడాది ఎవరి చేతిలో పోయిందో ఇద్దరికీ తెలుసు. కాగితం మీది కొలతలు సరైనవేనా అని డాక్టరు అడిగితే, మా మాస్టారు తీశారు, పొరపాటు ఉండదు అందట. అది విన్నరోజు అతను ఇంటికెళ్ళి, నమలడం చేతకాక, అన్నం వదిలేసి పడుకున్నాడు.

ఏడోవారంలో ఒక బుధవారం పొద్దున, నడక ముగించి కొట్టు తీయడానికి వచ్చేసరికి, కొత్తగా చేరిన చిన్న నర్సు గుమ్మం ముందు నిలబడి ఉంది. ఐదింటికి అని చెప్పింది. నిద్రలోనే, బాధేమీ లేకుండా అని కూడా చెప్పింది. అతను తలాడించాడు. తలుపు ఎత్తాడు. లోపలికెళ్ళి కూర్చోబోయి, కూర్చోలేక, బల్ల పట్టుకుని నిలబడి గట్టిగా ఏడ్చాడు.

రసీదు పుస్తకం ఇంకా బల్లమీదే ఉంది. పై కాగితం ఆస్పత్రి దస్త్రాల్లో ఎక్కడో ఉండిపోయింది. కిందిది అలాగే ఉంది. కార్బను నీలంలో తేదీ, టైము, గుండ్రటి అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి కొలతలు, చివర ఆమె సంతకం. దాని కింద, డెలివరీ తేదీ అని అచ్చువేసిన గీత మీద ఏమీ రాసి లేదు.